కుక్కపిల్లకు విసుగు పుట్టకుండా బొమ్మలతో ఆడించడం ఎలా?

కొత్త బొమ్మ తెచ్చిన రోజు కుక్కపిల్ల దాన్ని వదలదు. మూడో రోజుకు దాని వంకే చూడదు. మళ్లీ చెప్పులు, కర్టెన్ కొసలు, సోఫా మూలలు. అప్పుడు చాలామంది చేసే పని ఇంకో బొమ్మ కొనడం. ఇల్లంతా బొమ్మలు పరుచుకున్నా పిల్ల విసుగు మాత్రం తగ్గదు. రోజంతా కళ్ల ముందు కదలకుండా పడి ఉండే వస్తువు దానికి ఇంటి సామాన్లలో ఒకటి, అంతే. కుక్కకు కావలసింది పని: వాసన పట్టి వెతకడం, నమలడం, చీల్చడం, వెంటపడి పట్టుకోవడం, మనతో లాగులాడడం. ఆ పని కల్పించినంతసేపే బొమ్మ మీద దానికి ఆసక్తి.

ఇక్కడ చెప్పేదంతా రెండు నుంచి ఏడు నెలల వయసు కుక్కపిల్లల గురించి, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో పెరిగేవాటి గురించి. పార్వో లాంటి జబ్బుల భయం వల్ల టీకాల వరస పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలలు నిండేదాకా, ఊరకుక్కలు తిరిగే చోట పిల్లను నేల మీద వదలకూడదు. అన్నిటికంటే ఎక్కువ కుతూహలం ఉండే వయసంతా నాలుగు గోడల మధ్యే గడుస్తుంది. అందుకే ఈ శ్రద్ధ అవసరం.

1. అది విసుగో, నిద్రో ముందు తేల్చుకోండి

ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. గంటసేపు మెలకువగా ఉంటే తర్వాత రెండు గంటలు పడుకోవడం దానికి సహజం. ఇంట్లో పిల్లలూ, వచ్చేపోయేవాళ్లూ ఎత్తుకుని ముద్దు చేస్తుంటే ఆ నిద్ర చెడుతుంది. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా పిచ్చి పరుగులు తీస్తుంది. చేతులు, మడమలు కొరుకుతుంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడుతుంది. ఏ బొమ్మ చూపించినా పట్టించుకోదు. ఇది చూసి విసుగనుకుని ఇంకా ఆడిస్తారు, కొరకడం ఇంకా పెరుగుతుంది. నిజానికి అది నిద్ర చాలని లక్షణం. లైటు ఆపేసి, దాని పడక ఉన్న మూలలోకో క్రేట్ అనే బోనులోకో పంపి, నమిలే బొమ్మ ఒకటి ఇచ్చి పక్కన నిశ్శబ్దంగా కూర్చోండి. పది పదిహేను నిమిషాల్లో పడుకుంటే అది విసుగు కానట్టే.

నిజమైన విసుగు నిద్ర లేచాక కనిపిస్తుంది. మూత్రానికి తీసుకెళ్లి వచ్చాం, కడుపు నిండుగా ఉంది, అయినా ఒక్కో వస్తువూ నోట పట్టుకుని మన ముఖం చూస్తుంది, మనల్ని చూసి మొరుగుతుంది, పరుపు తవ్వుతుంది. అప్పుడు కావాలి బొమ్మ. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే మాత్రం బొమ్మ వెతక్కండి, వెంటనే బయటికి తీసుకెళ్లండి.

2. బొమ్మను రంగు చూసి కాదు, పని చూసి కొనండి

మొత్తం తొమ్మిది పది బొమ్మలుంటే చాలు. అందులో నమలడానికి రెండు మూడు, లాగడానికి రెండు, వెంటపడడానికి రెండు, తిండి దాచడానికి రెండు, పడుకునేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి మెత్తటిది ఒకటి ఉండేలా చూసుకోండి. ఐదు కూతబొమ్మలు, నాలుగు బంతులు కొంటే అన్నీ ఒకే రకం పని. విసుగు తొందరగా వస్తుంది.

నమిలే బొమ్మ ఎంత గట్టిగా ఉండాలో చూడటానికి తేలికైన పరీక్ష ఉంది. బొటనవేలి గోరుతో నొక్కండి. గోరు కొద్దిగా దిగితే ఇవ్వొచ్చు. అస్సలు దిగకపోతే అది పన్ను విరగ్గొట్టే వస్తువు. జింక కొమ్ములు, గట్టి నైలాన్ బొమ్మలు, ఎండిన ఎముకలు ఈ పరీక్షలో నెగ్గవు. గట్టి వస్తువు నమిలినప్పుడు సాధారణంగా దెబ్బతినేది పై దవడలో వెనక ఉండే పెద్ద పన్ను. అది పలకలా చీలిపోతుంది.

తిండి దాచే రబ్బరు బొమ్మల్లో ఎక్కువమందికి తెలిసింది కాంగ్. అమెరికాలో కొలరాడోకు చెందిన జో మార్కమ్ 1970లలో దీన్ని తయారుచేశాడు. రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటున్న తన జర్మన్ షెపర్డ్, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కను ఇష్టంగా నమలడం చూసి ఆ ఆలోచన చేశాడు. పిల్లలకు గులాబీ, లేత నీలం రంగుల్లో వచ్చే మెత్త రకమే తీసుకోండి. ఎరుపు, నలుపు రకాలు పెద్ద కుక్కలకు. వేరే కంపెనీది కొన్నా తప్పు లేదు, కానీ రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒకే రంధ్రం ఉంటే పిల్ల నాకేటప్పుడు లోపల గాలి ఖాళీ అయి నాలుక ఇరుక్కుపోవచ్చు.

బంతి పిల్ల నోట్లో కోరపళ్ల వెనక్కి పోలేనంత పెద్దదిగా ఉండాలి. మెత్తటి బొమ్మకు ప్లాస్టిక్ కళ్లు, గుండీలు, రిబ్బన్లు ఉంటే ఇచ్చే ముందే కత్తిరించేయండి. టెన్నిస్ బంతి కాసేపు విసిరి తెచ్చుకోవడానికి పర్వాలేదు, గంటల తరబడి నమలనిస్తే దాని మీది నూగు పళ్లను అరగదీస్తుంది. లేజర్ లైటు అసలు వద్దు. ఎప్పటికీ నోటికి అందని వెలుగు వెంట తిరిగి తిరిగి కొన్ని కుక్కలు గోడ మీద నీడ కదిలినా వదలని స్థితికి వస్తాయి. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

మన ఇళ్లలో బొమ్మ కింద ఇచ్చేసే వస్తువులు కొన్ని ఉన్నాయి, వాటితోనే ఎక్కువ ప్రమాదం. మామిడి టెంక జారుడుగా ఉంటుంది, మింగేస్తే పేగులో అడ్డుపడుతుంది. వేసవిలో చెత్తబుట్ట మూత గట్టిగా ఉండేలా చూసుకోండి. కొబ్బరిబోండం పీచును పీకుతూ మింగితే లోపల ఉండ కడుతుంది. ఉడికించిన కోడి ఎముక సూదుల్లా పగులుతుంది. ఇక పాత చెప్పు, పాత సాక్సు. పాతదేదో కొత్తదేదో పిల్లకు తెలియదు. ఒకటి ఇచ్చారంటే గుమ్మం దగ్గరున్నవన్నీ ఇచ్చినట్టే.

3. మూడే బయట ఉంచండి

బొమ్మలన్నీ మూతున్న డబ్బాలో పెట్టి, ఒకసారికి మూడే తీయండి: నమిలేది ఒకటి, మెత్తటిది ఒకటి, మూడోది ఏదైనా. రెండు మూడు రోజులకోసారి వాటిని లోపల పెట్టి వేరేవి తీయండి. వారం కనబడని బొమ్మ మళ్లీ కొత్తదే. డబ్బాలో గుప్పెడు డ్రై ఫుడ్ చిన్న గుడ్డ మూటలో కట్టి ఉంచితే బొమ్మలకు ఆ వాసన పడుతుంది, బయటికి తీసినప్పుడు ఇంకా ఇష్టంగా ఆడుతుంది.

లాగులాట తాడు, గాలపు కర్ర (తాడు చివర గుడ్డ కట్టిన కర్ర) ఈ మూడింట్లో ఉండకూడదు. అవి మీ చేతిలో ఉన్నప్పుడే ఆట, ఆట అయిపోగానే బీరువా పైకి. నిద్ర తోడుగా ఉండే మెత్తటి బొమ్మను మాత్రం మార్చకండి, ఉతికినా అదే ఇవ్వండి.

4. గిన్నెలో పెట్టే తిండితోనే ఆటలు

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పిల్ల ముక్కు పని చేస్తున్నంతసేపు నోరు వేరే వస్తువు మీదికి పోదు. పది నిమిషాలు వాసన పట్టి వెతికిన పిల్ల ఆ తర్వాత తానుగా పడుకుంటుంది. రోజు తిండి ఉదయాన్నే కొలిచి, మూడో వంతు ఆటలకు తీసి పెట్టుకోండి. అదనంగా పెట్టే పెరుగు, క్యారెట్, గుడ్డు లాంటివన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

మొదట తువ్వాలు. పాత తువ్వాలు పరిచి, పదిహేను డ్రై ఫుడ్ గింజలు చల్లి, వదులుగా చుట్టండి. ముక్కుతో తోసి విప్పుకుంటుంది. రెండు మూడు రోజులకు అలవాటయ్యాక చుట్టను సగానికి మడవండి. తర్వాత వదులుగా ఒక ముడి వేయండి. తువ్వాలును చీల్చి తినడం మొదలుపెడితే ఈ ఆట ఆ పిల్లకు పనికిరాదు, ఆపేయండి.

ఇడ్లీ ప్లేటు మరీ బాగుంటుంది. వాడని ప్లేటు ఒకటి తీసుకుని అంచులు గీసుకోకుండా ఉన్నాయో లేదో వేలితో చూడండి. స్టీలు చప్పుడుకు కొన్ని పిల్లలు బెదురుతాయి, కాబట్టి కింద తడి గుడ్డ పరవండి. జారదు కూడా. ఒక్కో గుంటలో నాలుగైదు గింజలు వేసి తొలిరోజు తెరిచే ఇవ్వండి. మర్నాడు రెండు గుంటల మీద బంతులు పెట్టండి. వారానికల్లా అన్ని గుంటలూ మూయండి, ఒకదాంట్లో ఏమీ వేయకండి. ఖాళీ గుంట ఉందని తెలిశాక ప్రతి బంతినీ ముందు వాసన చూసి మరీ జరుపుతుంది.

ముక్కుతో వెతికే చాపను ఇంట్లోనే చేసుకోవచ్చు. రంధ్రాలున్న రబ్బరు మ్యాట్, సింకులో వేసే రకం, సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 పొడవు ఉన్నది తీసుకోండి. పాత టీషర్టులను 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు పీలికలుగా కత్తిరించండి. ఒక్కో పీలికను ఒక రంధ్రంలోంచి దించి పక్క రంధ్రంలోంచి పైకి లాగి రెండు ముడులు వేయండి. ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా కడితే కింద రబ్బరు కనబడనంత దట్టంగా వస్తుంది. రెండు మూడు వందల పీలికలు పడతాయి. ఓపికగా రెండు సాయంత్రాలు కూర్చుంటే అయ్యే పని. పైన గుప్పెడు గింజలు చల్లి చేత్తో లోపలికి కలపండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: గింజలు అయిపోయాక చాపను అలాగే వదిలేయడం. పిల్ల పీలికలు పీకి మింగుతుంది. తినడం కాగానే తీసేయండి. వారానికోసారి ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే ముక్కిన వాసన వస్తుంది.

రబ్బరు బొమ్మలో కూరడం నాలుగు మెట్లు. తొలి మెట్టులో పొడి గింజలు వదులుగా పోయండి, తంతేనే రాలిపోవాలి. రెండో మెట్టులో గింజలు పోసి మూతి దగ్గర చెంచాడు పెరుగు రాయండి. మూడో మెట్టులో మెత్తగా కలిపిన పెరుగన్నం మూడు నాలుగు చెంచాలు కూరి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు వద్దు, తాలింపు వద్దు. ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప, ఎముక లేని కోడిమాంసం పీచు కలపొచ్చు. నాలుగో మెట్టు, అదే బొమ్మను నాలుగు గంటలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం. కింది చిన్న రంధ్రానికి పలుచటి క్యారెట్ ముక్క అడ్డం పెడితే కారదు.

ఒక్కో మెట్టు మీద రెండు మూడు రోజులు ఉండండి. చాలామంది మొదటి రోజే గడ్డకట్టినది ఇస్తారు. పిల్ల రెండు నిమిషాలు నాకి, ఏమీ రాక వదిలేస్తుంది. తర్వాత ఎప్పుడు ఇచ్చినా ఆ బొమ్మను నమ్మదు. ఐదు నిమిషాల్లో ఖాళీ చేస్తే కష్టం పెంచండి, మధ్యలో వదిలేస్తే తగ్గించండి. వేసవి మధ్యాహ్నాలు గడ్డకట్టిన బొమ్మ పిల్లకు ఎంతో హాయి.

పీనట్ బటర్ రాసేవాళ్లు సీసా మీద జైలిటాల్ అని ఉందేమో తప్పకుండా చూడండి. చక్కెరకు బదులు వాడే ఆ తీపి కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ ఏ రూపంలోనూ వద్దు. పాయసంలో ఉన్న నాలుగు కిస్మిస్‌లైనా సరే.

5. చీల్చనివ్వండి

చీల్చడం తప్పని మాన్పించే బదులు చీల్చడానికే ఏదైనా ఇవ్వండి. కొరియర్‌లో వచ్చే అట్టపెట్టెకు టేపు, స్టేపుల్ పిన్నులు, లేబుళ్లు తీసేసి, లోపల పాత కాగితం ఉండలు, నాలుగు గింజలు వేసి మూయండి. పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. చీల్చి ఉమ్మేసే పిల్లకు రోజూ ఇవ్వొచ్చు. అట్ట మింగే పిల్లకు ఈ ఆట వద్దు.

6. మీతో కలిసి ఆడే ఆటలు

ఏ బొమ్మైనా మనిషి చేతిలో ఉన్నప్పుడే ఎక్కువ రుచి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు.

లాగులాటలో తాడును పిల్ల మెడ ఎత్తులోనే పట్టుకుని పక్కలకు ఊపండి. పైకి కిందికి గుంజితే మెడకు దెబ్బ. సగం సార్లు దాన్నే గెలవనివ్వండి. అది పట్టుకున్నప్పుడు తాడు కదపడం ఆపి, ముక్కు ముందు రెండు గింజలు పెట్టి, నోరు తెరిచిన క్షణంలో 'ఇచ్చెయ్' అనండి. తిన్నాక తాడు మళ్లీ దాని నోటికే ఇవ్వండి. ఇస్తే పోదు, మళ్లీ వస్తుంది అని తెలిసిన పిల్ల రేపు మందు స్ట్రిప్ నోట్లో పెట్టుకున్నా ఇచ్చేస్తుంది. తరుముకుంటూ వెళ్లి నోట్లోంచి లాక్కుంటే వస్తువుల్ని దాచుకోవడం, దగ్గరికెళ్తే గుర్రుమనడం నేర్చుకుంటుంది.

గాలపు కర్రకు మీటరు పొడవు పీవీసీ పైపు, మీటరున్నర నూలు తాడు, చివర ముడి వేసిన గుడ్డ కావాలి. తాడును పైపులోంచి దూర్చి రెండో చివర ముడి వేస్తే జారదు. గుడ్డను నేల మీదే పాకించాలి, గాలిలోకి లేపొద్దు. ఎముకల ఎదుగుదల పూర్తి కాకముందు ఎగిరి దూకడం, మెలి తిరగడం కీళ్లకు మంచిది కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఆ ఎదుగుదలకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నున్నటి టైల్స్ మీద ఆడించకండి, చాపో కార్పెట్టో పరవండి లేదా పొద్దున్నే మేడ మీదికి తీసుకెళ్లండి. నాలుగైదు పరుగులకు ఒకసారి గుడ్డ దొరకనివ్వండి. మూడు నిమిషాలయ్యాక, ఇంకా కావాలని అది అడుగుతుండగానే ఆపేయండి. విసిగేదాకా ఆడిస్తే రేపటికి ఆ ఆట మీద మోజు ఉండదు.

బంతి తెచ్చి ఇవ్వని పిల్లకు ఒకేలాంటివి రెండు వాడండి. మొదటిది నోట్లో ఉండగా రెండోదాన్ని ఎగరేసి చూపించండి. దాన్ని వదిలేసి దీని కోసం వస్తుంది.

జాతిని బట్టి కూడా ఇష్టాలు మారుతాయి. బీగిల్‌కు వాసన ఆటలు, లాబ్రడార్‌కు నోట పట్టుకుని తిరిగేవి, రాజపాళయం లాంటి వేట జాతులకు గాలపు కర్ర ఎక్కువ నచ్చుతాయి. నాటు పిల్లలు వెతకడంలోనూ చీల్చడంలోనూ చురుకు. అవి ఒకే ఆటను త్వరగా ఆరితేరి వదిలేస్తాయి కాబట్టి కష్టం కాస్త ముందుగానే పెంచాలి.

7. పళ్లు మారే నెలలు

నాలుగో నెల దగ్గర పడేసరికి 28 పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. ఏడో నెలకల్లా 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఈ మధ్యలో చిగుళ్ల దురదకు దొరికినదల్లా నములుతుంది. బొమ్మ మీద రక్తపు చుక్క కనబడినా, చిన్న పన్ను మింగేసినా కంగారు పడకండి. తడి గుడ్డను మెలిపెట్టి ముడి వేసి గడ్డకట్టించి ఇవ్వండి, కరిగి మెత్తబడగానే తీసుకోండి. చల్లటి క్యారెట్ ఇచ్చేటప్పుడు లావుపాటిది పూర్తిగా ఇవ్వండి, చిన్న ముక్కలైతే గొంతుకు అడ్డం పడతాయి. లాగులాటలో బలం తగ్గించండి. కొత్త కోరపన్ను వచ్చినా పాలకోర ఊడకుండా పక్కనే ఉంటే డాక్టరుకు చూపించాలి. పొమరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఇది తరచుగా జరుగుతుంది.

8. ఒంటరిగా వదిలేటప్పుడు

అప్పటికే బాగా అలవాటైన, కూరిన రబ్బరు బొమ్మ తప్ప ఇంకేదీ వదలకండి. దారాలు, గుడ్డలు, కూతబొమ్మలు ఏవీ ఉండకూడదు. మొదట మీరు ఇంట్లో ఉండగానే ఆ బొమ్మ ఇచ్చి పక్క గదిలోకి ఐదు నిమిషాలు వెళ్లిరండి. మీరు బయటికి పోయేటప్పుడే ఇస్తే ఆ బొమ్మ కనబడగానే ఏడుపు మొదలవుతుంది. రెండు మూడు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు కాబట్టి బొమ్మ ఎంత మంచిదైనా పూటంతా సరిపోదు, మధ్యలో ఎవరో ఒకరు రావాలి.

గుడ్డముక్కో తాడుపోగో మింగిందని అనుమానం వస్తే వాంతులు, తిండి మానేయడం, విరేచనం కాక ముక్కడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం గమనించండి. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వెనక నుంచి దారం వేలాడుతుంటే లాగకండి, పేగు కోసుకుపోతుంది. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించడం ఇంకా ప్రమాదం.

9. కడగడం, పారేయడం

కూరిన బొమ్మను అదే రోజు గోరువెచ్చని సబ్బునీళ్లలో సీసాల బ్రష్‌తో లోపలిదాకా తోమాలి. మన ఎండల్లో పెరుగన్నం కొన్ని గంటల్లోనే పులుస్తుంది. ఫినాయిల్ వాడొద్దు. ప్రతి ఆదివారం బొమ్మలన్నీ చేత్తో వంచి చూడండి. రబ్బరుకు ముక్క ఊడినా, తాడు పోగులు లేచినా, మెత్తటి బొమ్మ కుట్టు విడిచి లోపలి కూత గొట్టం తగులుతున్నా తీసేయండి. ఏడో నెలకు దవడ పెద్దదై బలం కూడా వస్తుంది. రెండో నెలలో కొన్న మెత్త రబ్బరు అప్పుడు ముక్కలుగా ఊడుతుంది, చిన్న బంతి గొంతులోకి జారుతుంది. ఆ రెండింటినీ అప్పుడు పారేసి, ఒక సైజు పెద్దవి, పెద్ద కుక్కల రబ్బరువి కొనండి.